కార్మిక శాఖ మంత్రి గారికి: ఆ పదిహేను రోజుల లెక్క మార్చండి

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

జడ్చర్ల దగ్గర మూతపడ్డ ఒక స్పిన్నింగ్ మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మిషన్ మీద పనిచేసినవాణ్ణి. మిల్లు మళ్లీ తెరిపించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పత్తి ధర, కరెంటు బిల్లు, నూలుకు గిరాకీ పడిపోవడం... యాజమాన్యం చెప్పిన కారణాల్లో కొన్ని నిజమేనని మిషన్ల మీద నిలబడ్డ మాకూ తెలుసు. గిట్టుబాటు కాని మిల్లును ఎల్లకాలం నడపమంటే ఎవరూ నడపరు. నేను మాట్లాడేది మమ్మల్ని ఇళ్లకు పంపేటప్పుడు కట్టే లెక్క గురించి. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన అంకెను మార్చే అధికారం ఢిల్లీదాకా పోకుండా మీ దగ్గరే ఉంది.

ఫ్యాక్టరీ మూసినప్పుడు కార్మికుడికి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు జీతం చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి. ఈ పదిహేను రోజుల కొలత 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 1953లో వచ్చింది. అప్పుడది ఉద్యోగాల కోతకు. ఫ్యాక్టరీని మొత్తంగా మూసేస్తే అది కోత కిందికి రాదని సుప్రీంకోర్టు 1956లో తీర్పు చెప్పాక, మరుసటి ఏడాదే పార్లమెంటు సవరణ తెచ్చి మూతపడ్డ ఫ్యాక్టరీల వాళ్లకూ అదే పరిహారం రాసింది. ఆనాటి నుంచి ఆ అంకె కదల్లేదు. 2015లో కేంద్రమే తయారుచేసిన ముసాయిదాలో 45 రోజులని పెట్టారు. 2020లో అది పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టంగా బయటికొచ్చేసరికి మళ్లీ పదిహేనే.

కాకపోతే ఆ కోడ్‌లో ఒక వెసులుబాటు ఉంది. పదిహేను రోజులు, "లేదా సంబంధిత ప్రభుత్వం నోటిఫై చేసినన్ని రోజులు" అనే అర్థం వచ్చేలా రాశారు. మాలాంటి ప్రైవేటు మిల్లులకు సంబంధిత ప్రభుత్వమంటే రాష్ట్రమే. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. యాజమాన్యాలకు పనికొచ్చే సెక్షన్లు మాత్రం అప్పుడే మా నోటీసు బోర్డు మీదికి ఎక్కాయి. కార్మికుడికి పనికొచ్చే ఈ ఒక్క ముక్క ఎవరి నోటా వినపడదు.

లెక్క వేసి చూడండి. నెలకు 14,000 సగటు జీతంతో 22 ఏళ్లు చేసినవాడికి ఏడాదికి ఏడు వేల చొప్పున 1,54,000 వస్తుంది. అంటే ఇరవై రెండేళ్ల నౌకరికి పదకొండు నెలల జీతం. మా నాన్న తరం మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పోయింది. మిల్లులు, కంపెనీలు వచ్చాకే మాలాంటివాళ్లం ఊళ్లో నిలదొక్కుకున్నాం. ఇప్పుడు నలభై అయిదేళ్ల వయసులో చుట్టుపక్కల కంపెనీల గేటు దగ్గరికి పోతే, మొదట అడిగేది వయసు. ఆ తర్వాత ఇంకేమీ అడగరు. పదకొండు నెలల్లో ఇల్లు, పిల్లల ఫీజులు, అప్పులు పోను ఏం మిగులుతుందో మీరే చెప్పండి.

అందుకే ఆ పదిహేనును 45 రోజులు చేస్తూ నోటిఫికేషన్ ఇవ్వండి. 45 రోజులంటే చిన్న యజమానులు మునిగిపోతారని మీ దగ్గరికొచ్చి చెప్పేవాళ్లుంటారు. నిజంగా చిన్నవాళ్లుంటే వాళ్ల సంగతి వేరుగా చూడండి. కానీ ఇది మూసే రోజున వెతుక్కునే సొమ్ము కాదు కదా, ఏటేటా పక్కన పెట్టుకుంటూ రావాల్సింది. నష్టాలు, అమ్ముడుపోని సరుకు, లీజు ముగియడం లాంటివి చెప్పి పరిహారాన్ని మూడు నెలల జీతానికి కుదించడానికి వీల్లేదని పాత చట్టమే తేల్చింది.

రోజులు పెంచినా సర్వీసు లెక్క సరిగ్గా లేకపోతే మాకు ఒరిగేదేమీ ఉండదు. అసలు మోసమంతా అక్కడే.

లేబర్ ఆఫీసులో చర్చల రోజు కంపెనీ ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చింది. నూలు చుట్టే వైండింగ్‌లో చేసే ఒక అక్క తన కాగితాన్ని నాతో చదివించుకుంది. చేరిన తేదీ దగ్గర నాలుగేళ్ల కిందటి తేదీ ఉంది. ఆమె ఆ మిషన్ మీద చేరినప్పుడు కడుపులో ఉన్న కొడుకు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. "అంతకుముందు నేను యాడున్ననే తమ్మీ?" అని అడిగింది. ఫోన్‌లో ఆమె పీఎఫ్ పాస్‌బుక్ తీసి చూశాం. మూడు పేర్లున్నాయి, మూడూ కాంట్రాక్టర్లవే. మిషన్ అదే, సూపర్‌వైజరూ అతనే, పొద్దున ఎక్కే బస్సూ అదే. మధ్యలో బదిలీ అని రాసిన రోజులు కూడా కొన్ని ఉన్నాయి. బదిలీ అంటే పర్మినెంట్ మనిషి రాని రోజున ఎక్కించేవాళ్లని అర్థం. ఏడాదంతా ఎవరూ సెలవు పెట్టకుండానే ఎవరి బదులు చేసినట్టో! ఏడాది నిరంతర సర్వీసు పూర్తయితే లే-ఆఫ్ (పని లేదని తాత్కాలికంగా ఆపడం) పరిహారం విషయంలో బదిలీ కార్మికుణ్ణి బదిలీగా చూడకూడదని పాత చట్టమే చెప్పింది. 240 రోజులు చేస్తే ఏడాది చేసినట్టే.

అదే కాగితం అడుగున ప్యాకేజీ మొత్తం అని పెద్ద అక్షరాల్లో ఒక అంకె వేశారు. విడదీసి చూస్తే అందులో గ్రాట్యుటీ కలిపారు. రావాల్సిన జీతం బకాయి కలిపారు. ఒక్కొక్కరి పీఎఫ్ నిల్వ కూడా కలిపారు! పీఎఫ్ మా ఖాతాలో ఉన్న మా డబ్బు. గ్రాట్యుటీ అయిదేళ్లు దాటిన నాడే సంపాదించుకున్నది. మూసినందుకు ఇచ్చే పరిహారం ఈ రెండింటికీ సంబంధం లేనిది, విడిగా ఇవ్వాల్సినది. జీతం బకాయి సంగతైతే, ఫ్యాక్టరీ మూతపడిన రెండు పనిదినాల్లో చేతిలో పెట్టాలని వేతనాల కోడ్ చెబుతోంది. వీటన్నిటినీ ఒక మూటలో కట్టి, ఇక ఏ క్లెయిమూ లేదని రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటున్నారు. రెండు నెలలుగా జీతం లేనివాడు ఏం చేస్తాడు? పెడతాడు. ఇప్పటికే కొందరు పెట్టారు. వాళ్లను తప్పు పట్టలేను.

మంత్రి గారూ, ఈ సంతకాల పద్ధతి ఆపించండి. ప్రతి కార్మికుడికీ సర్వీసు ఎంత, జీతం ఏ ప్రాతిపదికన తీసుకున్నారు, గ్రాట్యుటీ ఎంత, పరిహారం ఎంత అని నాలుగు గళ్లలో విడివిడిగా రాసిన కాగితం మీ శాఖ అధికారి సరిచూసి ఇచ్చేదాకా ఏ వోచరూ చెల్లదని ఆదేశమివ్వండి. సర్వీసును కంపెనీ హాజరు పట్టీలతో కాకుండా పీఎఫ్, ఈఎస్ఐ రికార్డులతో లెక్కించమనండి. అవి కేంద్రం దగ్గరున్నవి, హాజరు పట్టీల్లా ఇష్టమొచ్చినట్టు దిద్దడం కుదరదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న సూత్రమే. దాన్ని మూసివేత రోజున మరచిపోతున్నారు.

ఇంకోటి. మూసేందుకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే హద్దు కేంద్ర చట్టంలో వంద మంది కార్మికులుండేది, కొత్త కోడ్‌లో మూడు వందలైంది. మా దగ్గర మూడు షిఫ్టులకూ కలిపి రోజూ గేటు దాటేవాళ్లు అంతకన్నా ఎక్కువే. పర్మినెంట్ రోల్స్‌లో చూస్తే సగం కూడా ఉండరు. అందుకే అరవై రోజుల నోటీసుతో సరిపెట్టారు. మనుషుల్ని ఎట్లా లెక్కపెట్టారో ఒకసారి తనిఖీ చేయించండి. కాగితం మీద చీల్చి హద్దు తప్పించుకోవడం కుదిరితే ఇక మూడు వందలైతేనేం, మూడు వేలైతేనేం.

భూమి మాట కూడా చెప్పాలి. మిల్లు జాతీయ రహదారి 44కు దగ్గర్లో ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే ఆ రోడ్డు పొడవునా భూముల ధరలు ఎట్లున్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పాత మిషన్లు తుక్కు కింద పోతాయి, షెడ్లు కూలుతాయి, చివరికి మిగిలేది ప్లాట్లే. వరంగల్‌లో నిజాం కాలంలో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ స్థలం ఏమైందో రాష్ట్రమంతా చూసింది. కాబట్టి మూతపడ్డ ఫ్యాక్టరీ భూమిని అమ్మాలన్నా, వేరే వాడకానికి మార్చాలన్నా, కార్మికుల బాకీ తీరినట్టు మీ శాఖ సర్టిఫికెట్ ఉంటేనే ఎన్ఓసీ ఇచ్చేలా పరిశ్రమల, రెవెన్యూ శాఖలతో మాట్లాడండి. దీనికి ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి అక్కర్లేదు.

ఈఎస్ఐ కట్టినవాళ్లకు ఫ్యాక్టరీ మూతపడితే నిరుద్యోగ భృతి ఇచ్చే పథకం 2005 నుంచే ఉంది. ఆ సంగతి మాలో చాలామందికి మిల్లు మూతపడ్డాకే తెలిసింది. అప్లికేషన్లు నింపడానికి మిల్లు గేటు దగ్గర రెండు రోజులు ఒక కౌంటర్ పెట్టించినా చాలు.

మా చర్చలు ఇంకా ముగియలేదు. తర్వాతి సమావేశానికి కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారమున్న మనిషిని రప్పించండి. ఇప్పటిదాకా వచ్చినవాళ్లంతా "పైన అడిగి చెప్తాం" అన్నవాళ్లే. 45 రోజుల నోటిఫికేషన్ ఫైలు కదిలిందని ఆలోపే తెలిస్తే, మా కాగితాల మీద లెక్క కూడా దాన్నిబట్టే మారుతుంది.

ఇట్లు,
మూతపడ్డ స్పిన్నింగ్ మిల్లు కార్మికుడు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా