తాతది నాటకం కాదక్కా

సియోల్

అక్కా,

తాత నాటకమాడడం లేదు. ముందు బాపుకు ఈ ముక్క చెప్పు. తన చేత్తో రాసిన మందుల చీటీని తానే చదవలేనంటే ఎవరికైనా అనుమానమొస్తుంది. కానీ అట్లాంటి జబ్బు నిజంగానే ఉంది. మెదడులో ఎడమవైపు వెనక భాగానికి రక్తం అందకపోతే, కంటికి కనబడిన అక్షరం భాష దాకా చేరదు. మాట ఉంటుంది, రాత ఉంటుంది, చదవడం ఒక్కటే పోతుంది. 1892లోనే దెజెరిన్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వివరించాడు. తాతది అదేనా కాదా అన్నది స్కాన్ చూసి డాక్టరే చెప్పాలి.

నేను చదువుకునే చోట, పక్షవాతం వచ్చిన ముసలివాళ్లతో హంగుల్ వేరుగా, హంజా వేరుగా చదివిస్తారు. హంగుల్ 1446లో కొరియా రాజు సెజోంగ్ ప్రకటించిన లిపి. మనలాగే పలికే శబ్దాన్ని బట్టి రాస్తారు. హంజా అంటే చైనా అక్షరాలు, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇప్పటి పిల్లలకు అంతగా రావు గానీ, ఒకప్పుడు పేపర్లలో రెండూ కలిపే అచ్చేసేవారు. ఎడమ కణత లోపల, కిందా వెనకా ఉండే భాగం దెబ్బతిని హంజా పోయి, హంగుల్ మిగిలిన ఒక రోగి గురించి ఇక్కడి వైద్యులు 2002లో రాశారు. మాట్లాడేది అదే కొరియన్, చదివేది అవే కళ్లు!

హంగుల్‌కూ ఓ చిక్కుంది. కిమ్ అని రాయాలంటే క ఎడమపక్క, ఇ కుడిపక్క, మ వాటి కింద, అంతా ఒకే గడిలో ఇమడాలి. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి అక్షరాలు తెలుస్తాయి గానీ దేన్నెక్కడ పెట్టాలో తెలియదు. మన ఒత్తులూ గుడులూ తలుచుకుని నాకు భయమేసింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, తాత బడిలో చదివింది ఉర్దూ, తర్వాత తెలుగు, నౌకరీలో ఇంగ్లీషు. అక్కడి డాక్టరు తెలుగు పేపరొక్కటే చూపించి చదవలేడని రాసేశాడట. మూడూ చదివించమని అడుగు. అంకెలు కూడా వేరుగా చూపించమను. అక్షరాన్ని వేలితో దిద్దిస్తే కొందరు గుర్తుపడతారు, ఇంట్లో మీరే చేసి చూడొచ్చు. ఈ జబ్బులో చాలామందికి కుడిపక్క చూపు కూడా పోతుంది, అటువైపు పెట్టిన గ్లాసు తన్నేస్తున్నాడేమో గమనించు. సైకిల్ తాళంచెవి మాత్రం నీ దగ్గరే పెట్టుకో. కోపమొస్తే నామీద చెప్పు.

నీ తమ్ముడు