గీతలు పడ్డ తుపాకుల పని గురించి మా ఖాతాదారులకు

నమస్కారం. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన తుపాకులు విడిపించుకున్నాక, గొట్టం మీద గీతలు చూసి బాధపడుతూ మా బరంపురం దుకాణానికి వచ్చేవారు ఎక్కువయ్యారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి ఫోన్లు కూడా దాని గురించే. చాలామంది ముందే "కొత్త గొట్టం వేసేయండి" అంటున్నారు. అందరికీ చెప్పే జవాబు ఇక్కడే రాస్తున్నాను.

పైపై గీతకు గొట్టం మార్చక్కర్లేదు. మారిస్తే మాకు నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి, అయినా మార్చమని చెప్పను. 1959 ఆయుధాల చట్టం విడిభాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది. కాబట్టి గొట్టం, బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) లాంటివి మార్చాలంటే కాగితాల పని చాలా ఉంటుంది. ఒక గీత కోసం ఆ టెన్షన్ మీకెందుకు?

గీత మీద గోరు పెట్టి అడ్డంగా లాగి చూడండి. గోరు తగులుకోకపోతే పోయింది నల్లపూత ఒక్కటే. ట్రిగ్గర్ గార్డ్ మీద అలాంటి చిన్న మచ్చ ఉంటే, చల్లని బ్లూయింగ్ మందు (వేడి చేయకుండానే లోహానికి నలుపు పట్టించేది) రాసి కాసేపట్లో ఇచ్చేస్తాం. చేయి తగిలే చోట అది త్వరగా అరిగిపోతుందని ముందే చెబుతున్నాను. గోరు తగులుకుంటే లోహం లేచిందన్నమాట. అప్పుడు సన్నరాయితో సాపు చేసి మొత్తం భాగానికి మళ్లీ నలుపు పట్టించాలి.

.315 స్పోర్టింగ్ రైఫిల్ లాంటి ఒంటి గొట్టానికైతే నలుపు పట్టించే వేడి ద్రావణపు ట్యాంకులో ముంచితే సరిపోతుంది. జంట గొట్టాల పాత తుపాకులను మాత్రం నేను ట్యాంకులో దించను. ఎవరు ఎంత తొందరపెట్టినా దించను. ఆ రెండు గొట్టాలనూ, మధ్య పట్టీనీ చాలా వాటిలో టంకంతో అతికించి ఉంటారు. ట్యాంకులో ఉండేది కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పుల ద్రావణం, సుమారు 140 డిగ్రీల వేడి. కాస్టిక్ ఆ టంకాన్ని తినేస్తుంది. పట్టీ కిందికి చేరిన ఉప్పు తర్వాత బయటికి ఊరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. ఇంటికి తీసుకెళ్లిన రోజు తుపాకీ తళతళలాడుతుంది, నష్టం తర్వాతే బయటపడుతుంది.

వీటికి నిదానం పద్ధతే చేస్తాం. జిడ్డు పూర్తిగా తీసి, తుప్పు పట్టించే మందు పలచగా రాసి, తేమలో ఉంచుతాం. ఎర్రతుప్పు లేచాక నీళ్లలో మరిగిస్తే అది నల్లగా మారుతుంది. పైపొడిని మెత్తటి తీగబ్రష్‌తో దులిపి మళ్లీ మొదలుపెడతాం. నలుపు సమంగా నిలిచేదాకా ఇంతే. గోపాలపురం సముద్రపు గాలిని అందరూ తిట్టుకుంటారు గానీ, వానాకాలపు తేమ ఈ పనికి బాగా కలిసొస్తుంది. కూలి ఎక్కువ, రోజులూ ఎక్కువ. తగ్గించమని అడగకండి, పని తగ్గించాల్సి వస్తుంది.

తుపాకీ నంబరు, ప్రూఫ్ ముద్ర (గొట్టం పరీక్షలో నెగ్గిందని కొట్టే గుర్తు) ఉన్న చోట ఆకురాయి గానీ ఎమెరీ కాగితం గానీ పెట్టను. ఆ గుర్తులు చెరపడం నేరం. గీత సరిగ్గా నంబరు మీదుగా పోయినా దాన్ని అలాగే వదిలేస్తాం. గొట్టం సొట్టపోయినా, ఉబ్బినా, లోపల గుంటలు పడినా అది అందం పని కాదు. ముందు పరీక్ష, అది అయ్యేదాకా పేల్చకండి. తల మీది గాడి చెదిరిన స్క్రూలు మాత్రం పాత కొలతకు కొత్తవి చేసి వేస్తాం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట క్రమంగా ఆగిపోయింది. తాతల నాటి వేట తుపాకులు ఏడాదంతా బీరువాల్లోనే ఉంటున్నాయి, అందుకే మా దగ్గరికి వచ్చేవాటిలో గీతల కన్నా తుప్పు మచ్చలే ఎక్కువ. తోలు సంచిలో పెట్టి వదిలేయకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె రాయకండి, కొరాపుట్ చలికి అది గడ్డకడుతుంది. పలచటి గన్ ఆయిల్ గుడ్డతో తుడిస్తే చాలు.

తెచ్చేటప్పుడు లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకోండి, లైసెన్సు వెంట ఉండాలి. మీరు రాలేక మీ అబ్బాయినో తమ్ముడినో పంపితే, రిపేరు కోసం పంపుతున్నట్టు మీ సంతకంతో ఉత్తరం ఇవ్వండి. అది లేకుండా వస్తే తుపాకీ తీసుకోలేను, దయచేసి ఏమీ అనుకోకండి.