ఈ యాసంగి మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు

పంట పెట్టుబడికి తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన రైతుబంధు పైసలు మొన్న బాపు ఖాతాలో పడ్డాయి. 2 ఎకరాల 30 గుంటలకు 13,750 రూపాయలు. పడిన రోజే ఎవరి బాకీ వాళ్లకు ఇచ్చేశాం. "ఇప్పుడేం తొందర?" అన్నారే గానీ, తీసుకున్న పైసలు ఒక్కరూ లెక్కపెట్టుకోలేదు. అది చూశాక నలుగురికీ తెలిసేలా చెప్పాలనిపించింది.

2023 నవంబరు సంగతి గుర్తుండే ఉంటుంది. అసెంబ్లీ ఎన్నికల పోలింగు 30న. ఆలోపే యాసంగి (రబీ) పైసలు వేసుకోవచ్చని ఎన్నికల సంఘం 24న అనుమతి ఇచ్చింది. నాలుగో శనివారం, ఆదివారం, సోమవారం కార్తీక పౌర్ణమి... వరసగా బ్యాంకుల సెలవులు. మంగళవారం పడతాయన్న ధీమాతో బాపు ట్రాక్టర్ మాట్లాడి దుక్కి దున్నించాడు. సోమవారమే ఆ అనుమతి వెనక్కి పోయింది. ఎన్నికల ప్రచారంలో ఆ పైసల మాట ఎత్తారన్నది కారణం. తప్పెవరిదన్న చర్చలోకి నేను పోను. బయట తులసి కోట దగ్గర అమ్మ 365 వత్తులు వెలిగిస్తోంది, లోపల బాపు టీవీ కట్టేసి చీకట్లో అలాగే కూర్చున్నాడు. నాకు గుర్తున్నది అదే.

పైసలు ఆగినా యాసంగి వరి ఆగదు కదా. చలి ముదిరాక పోసిన నారు ఎదగదు. నాటు ఆలస్యమైతే కోత వడగండ్ల రోజుల్లోకి పోతుంది. ఆ టెన్షన్ వ్యవసాయం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని రోజులకు ఒక పొద్దున్నే పక్క పొలం అన్న వచ్చాడు. భుజం మీద గోనె సంచి. అందులో మండె కట్టిన (నానబెట్టి మొలకెత్తించిన) వెయ్యిపది రకం వడ్లు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, తెల్లటి మొలకలు అప్పుడే తొంగిచూస్తున్నాయి. "మాకు పోయగా మిగిలినయ్, ఇయ్యాల చల్లకపోతే పాడైతయ్ బాపూ" అన్నాడు. మిగిలినవి కావని తర్వాత వదిన చెబితే తెలిసింది. మా కోసమే రెండు రోజుల ముందు నానబోశాడట.

ఆ అన్నది కౌలు. రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకే వచ్చేది, కౌలు చేసేవాళ్లకు వచ్చేది కాదు. ఆయన దున్నే భూమి మీద పైసలు పట్టాదారు ఖాతాలో పడేవి. 2018లో పథకం మొదలైనప్పటి నుంచీ ఆయనకు ఒక్క రూపాయి రాలేదు. పైసలు ఆగాయని మేము కుంగిపోతుంటే, అవి ఎన్నడూ రాని మనిషి విత్తనం మోసుకొచ్చాడు. అన్నా, అంతకుముందు ఇన్నేళ్లలో మీకెందుకు రావని మేము ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం, గ్రామసభలో కూడా అడుగుతాం.

డీఏపీ, యూరియా ఖాతా మీద రాసి ఇచ్చి, మిత్తి మాట ఎత్తని ఎరువుల దుకాణం కాకకు దండాలు. ఫోన్ చేసిన ప్రతిసారీ విసుక్కోకుండా ఎన్ని ఎకరాల వాళ్ల దాకా పడ్డాయో చెప్పిన ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడంకు కూడా. కొత్త ప్రభుత్వం వచ్చాక ఎకరం లోపు వాళ్లతో మొదలుపెట్టి విడతలుగా వేశారు కాబట్టి, మా వంతు ఎప్పుడొస్తుందో ఆమెను అడగడం తప్ప మాకు వేరే దారి లేకపోయింది.

ఇక నాట్లకు వచ్చిన అక్కలు. జనవరి చలిలో పొద్దు పొడవకముందే మోకాళ్ల లోతు బురదలో దిగి నాటేశారు. ఏ రోజు కూలి ఆ రోజు ఇస్తేనే పొయ్యి వెలిగే ఇళ్లు వాళ్లవి. "పైసలు పడ్డాకనే ఇయ్యి అమ్మా" అని మా అమ్మ భుజం తట్టి పోయారు. వాళ్లలో ఇద్దరికి గుంట భూమి కూడా లేదు. వాళ్లందరికీ మొట్టమొదట ఇచ్చాం, అయినా ఆలస్యంగా ఇచ్చామనే బాధ పోలేదు. మన్నించండి అక్కా.

పొలం ఇప్పుడు పచ్చగా ఉంది. అన్న గోనె సంచిని అమ్మ ఉతికి దూలానికి వేలాడదీసింది. కోతలయ్యాక దాని నిండా వడ్లు పోసి బాపే మోసుకుపోయి ఇస్తానంటున్నాడు.