దుకాణం తెరిచే లోపు ఒక పాఠం

విజయవాడ

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాలి నొప్పి తగ్గి మళ్లీ గుడికి నడిచి వెళ్తోందని రాశావు, చదివి ప్రాణం లేచొచ్చింది. మేమంతా బాగున్నాం. పెద్దదానికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయి, అందుకని ఇంట్లో టీవీ పెట్టడం మానేశాం.

ఇక నువ్వడిగిన ప్రశ్న. "మీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి నేర్పడానికి ప్రత్యేకంగా ఒక ప్లాట్‌ఫాం ఎందుకురా, నాలుగు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడితే సరిపోదా?" అన్నావు. మా సారు కూడా మొదట అదే మాట అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నా. ఓపిగ్గా చదువు, చివర్లో నీతో పని కూడా ఉంది.

మాది హోల్‌సేల్ దుకాణాల్లో బిల్లింగ్, స్టాకు, జీఎస్‌టీ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అని నీకు తెలుసు కదా. దాన్ని వాడేది ఇక్కడ వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్లో, అటు తెనాలి, గుంటూరు, ఏలూరు బజార్లలో కూర్చునే గుమస్తాలు. చాలామంది పదో తరగతి, ఇంటర్ చదివి పనిలో చేరినవాళ్లు. సరుకు ధర నోటిలెక్కతో చెప్పేస్తారు, ఎవరి బాకీ ఎంతో పుస్తకం చూడకుండా చెబుతారు. అంత తెలివైనవాళ్లు స్క్రీన్ మీద ఒక ఎర్ర మెసేజ్ వస్తే మాత్రం చేతులు తీసేసి మాకు ఫోన్ చేస్తారు. వాళ్ల తప్పు లేదు. వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు మా కుర్రాడు వెళ్లి ఒక గంట చూపిస్తాడు, అంతే. ఆ గంటలో విన్నది వారానికి ఎంత మిగులుతుంది? 1885లోనే జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, మళ్లీ మళ్లీ తిరగేయకపోతే నేర్చుకున్నది మొదట్లోనే ఎంత వేగంగా జారిపోతుందో లెక్క కట్టాడు. బడిలో పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నీకు ఇది నేను చెప్పాలా!

2025 సెప్టెంబరులో జీఎస్‌టీ రేట్లు మారాయి చూడు, నాకు ఈ పని మీద పట్టుదల అప్పుడే వచ్చింది. 3వ తేదీ రాత్రి జీఎస్‌టీ కౌన్సిల్ ప్రకటించింది, 22 నుంచి అమలు. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. రేట్ల మార్పు మా ప్రోగ్రామర్లు టైముకే పంపారు. అయినా 22 పొద్దున్నుంచి మా సపోర్టు ఫోన్లు ఆగలేదు. రెడీమేడ్ బట్టల సంగతే తీసుకో. అంతకుముందు ఒక్కో పీసు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, పైన 12. ఇప్పుడు 2,500 దాకా 5, పైన 18. అయితే 2,600 రూపాయల డ్రెస్సుకి బిల్లులోనే పది శాతం తగ్గిస్తే అది 2,340 అవుతుంది, అప్పుడు 5 శాతమే పడాలి. డిస్కౌంట్ ఏ కాలమ్‌లో కొట్టాలో తెలియని గుమస్తా అక్కడ ఆగిపోయాడు. పాత రేటుకి కొన్న స్టాకుని ఇప్పుడు ఏ రేటుకి అమ్మాలని ఒకరు, పాత రేటుకి అమ్మిన సరుకు వాపసొస్తే క్రెడిట్ నోట్ (వాపసుకి రాసిచ్చే చీటీ) ఏ రేటుకి రాయాలని ఇంకొకరు. కొత్త అమ్మకానికి కొత్త రేటు, పాత బిల్లు మీద వాపసుకి పాత రేటే. చెబితే ఒక్క నిమిషం. కానీ ఆ నిమిషం కోసం లైన్లో ఎంతమంది ఉన్నారో! కౌంటర్ దగ్గర కొనేవాడు నిలబడి ఉంటాడు, ఓనర్ వెనకనుంచి తొందర పెడుతుంటాడు, ఇటు మా ఫోన్ ఎంగేజ్. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి యూట్యూబ్‌లో వెతికి, ఇరవై నిమిషాల వీడియోలో తనకి కావలసిన ముక్క ఎక్కడుందో పట్టుకోగలడా, నువ్వే చెప్పు.

ఇది మన దగ్గరే ఉన్న ఇబ్బంది కాదట. 1980ల్లో అమెరికాలో ఐబీఎంలో జాన్ కారల్ అనే పరిశోధకుడు, కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్న ఆఫీసు ఉద్యోగుల్ని దగ్గరుండి గమనించాడు. మాన్యువల్ చేతికిచ్చినా వాళ్లు వరసగా చదవలేదు. తిన్నగా పనిలోకి దిగారు, ఇరుక్కున్నాక పేజీలు తిప్పారు. 1987లో ఆయనా, మేరీ బెత్ రాసన్ అనే ఆవిడా కలిసి దీనిమీద ఒక వ్యాసం రాశారు. పనిలో ఉన్న మనిషికి ముందు పని తెమలాలి, నేర్చుకోవడం ఆ తర్వాతే. ఒకసారి ఒక దారి అలవాటైతే, దగ్గర దారి ఉన్నా పాతదే పట్టుకుంటాడు. మా గుమస్తాలు అచ్చం ఇంతే. కాబట్టి "మాడ్యూల్ ఒకటి: పరిచయం" అని మొదలుపెట్టే కోర్సు వాళ్లకి పనికిరాదు. ఇరుక్కున్న చోటికే పాఠం వెళ్లాలి. నా ప్లాన్ మొత్తం దీనిమీదే నిలబడి ఉంది బావా, మిగతావన్నీ దీని తర్వాతే.

అందుకని సిలబస్ నేను కూర్చుని రాయలేదు. మా సపోర్టు వాళ్ల ఫోన్ రిజిస్టరు తీసుకుని, జనం ఏం అడిగారో ఆ ప్రశ్నలనే పాఠాల పేర్లుగా పెట్టాం. "సరుకు వాపసొచ్చింది, ఏం చేయాలి?" "సరుకు రవాణాకి ఈ-వే బిల్లు ఎప్పుడు తీయాలి?" "నిన్నటి బిల్లులో తప్పు పడింది, దిద్దొచ్చా?" ఇలా. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్క్రీన్ మీదా ఒక మూల ప్రశ్నార్థకం గుర్తు పెడుతున్నాం, నొక్కితే ఆ స్క్రీన్‌కి సంబంధించిన పాఠమే తెరుచుకుంటుంది. మీ బడి పుస్తకాల్లో దీక్ష (ప్రభుత్వ పాఠాల యాప్) క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం దగ్గరికే వెళ్తుంది కదా, నాకు ఆ ఆలోచన అక్కడినుంచే వచ్చింది.

ప్లాట్‌ఫాం విషయానికొస్తే మూడుల్ తీసుకున్నాం. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియమస్ అనే ఆయన ఆన్‌లైన్లో పాఠాలు చెప్పడానికి మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, 2002 నుంచి ఉంది, లైసెన్సు ఖర్చు లేదు, సర్వరు ఖర్చే. దాని ఫోన్ యాప్‌లో పాఠం ముందే దించుకుంటే నెట్ లేకపోయినా చూడొచ్చు, తర్వాత నెట్ తగిలినప్పుడు ఎంతవరకు చూశాడో నమోదవుతుంది. గోడౌన్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి నాకు ఇదే ముఖ్యం. కొత్త పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వం. బిల్లింగ్ లాగిన్‌తోనే పాఠాల్లోకి వెళ్లిపోయేలా రెండింటినీ కలుపుతున్నాం. ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటే సగంమంది గుమ్మంలోనే ఆగిపోతారు.

పాఠాలు తయారు చేయడంలో నాకు దారి చూపించింది ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు. లిబ్రేఆఫీస్, లినక్స్, పైథాన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లని పదేసి నిమిషాల వీడియోలతో నేర్పుతారు. తెలుగుతో సహా మన భాషల్లోకి డబ్బింగ్ చేస్తారు, స్క్రీన్ మాత్రం ఉన్నదున్నట్టే ఉంటుంది. నేర్చుకునేవాడు ఒక పక్క వీడియో, ఇంకో పక్క అసలు సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఒక్కో మెట్టు చూసి ఆపి తనూ చేస్తాడు. ఎంత మంచి పద్ధతో చూడు, మాస్టారు పక్కన లేకపోయినా చెయ్యి ఆడుతుంది. మావి ఇంకా చిన్నవి, మూడు నాలుగు నిమిషాలు దాటనివ్వను. భాష మన బజారు భాషే. బిల్లు, స్టాకు, వాపసు, బాకీ అనే అంటాం. వీడియో మధ్యలోనే ఆగి ఒక చిన్న ప్రశ్న అడిగి, జవాబు తప్పో ఒప్పో చెప్పేలా హెచ్5పీ అనే సాధనంతో పెడుతున్నాం.

చేసి చూడటానికి ఒక ఉత్తుత్తి కంపెనీ కూడా తయారు చేశాం. అందులో నకిలీ సరుకు, నకిలీ ఖాతాదారులు ఉంటారు. ఎన్ని తప్పులు చేసినా ఓనర్ లెక్క చెడదు, సాయంత్రానికి మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తవాళ్లకి అందులో బిల్లు, వాపసు, రసీదు మాత్రమే కనిపిస్తాయి, మిగతా మెనూలు మూసేస్తాం. ఇది కూడా కారల్ దగ్గర నేర్చుకున్నదే. 1984లో ఆయన కొత్తవాళ్లకి అక్కర్లేని మెనూలు పనిచేయకుండా ఆపేసి వర్డ్ ప్రాసెసర్ నేర్పితే, మామూలుగా నేర్చుకున్నవాళ్ల కన్నా వాళ్లు త్వరగా అందుకున్నారట. గుమస్తాలకి ఉన్న అసలు భయం కంప్యూటరంటే కాదు బావా, లెక్క పాడైతే జీతంలో కోస్తారేమోనని. ఆ భయం లేని చోటు వాళ్లకి ఒకటి కావాలి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి సగం ఎవరినీ కదిలించకూడదు. పాత ఏడాది లెక్కలు మూయాలి, నిల్వలు కొత్త ఏడాదికి తేవాలి, కొత్త బిల్లు నంబర్లు వేయాలి. మామూలు నెలల్లోనూ 11న జీఎస్‌టీఆర్‌-1, 20న 3బీ, ఈ రెండు జీఎస్‌టీ రిటర్నులూ వేయాలి. అందుకని ఏ నెలైనా 22 నుంచి నెలాఖరు దాకానే కొత్తవాళ్లని చేరుస్తాం. మొదటి విడత ఏప్రిల్ చివర్లో, కొద్దిపాటి హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ దుకాణాలతో. బట్టల వాళ్లని మే నెలాఖరుకి పెట్టా, ఎందుకంటే ఈ ఏడు (2026) అధిక జ్యేష్ఠం. మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్లి ముహూర్తాలుండవు, కౌంటర్లో కాస్త ఊపిరి ఆడుతుంది. యూనిఫాంలు అమ్మేవాళ్లకి మాత్రం అదే సీజను కాబట్టి వాళ్లని తర్వాతి విడతకి జరిపా. పాఠం టైము, పొద్దున దుకాణం తెరిచే ముందు అరగంట. సాయంత్రం అయితే ఎవరూ కూర్చోలేరు, అప్పటికే నడుం విరిగిపోయి ఉంటుంది.

ఆ అరగంట గుమస్తాది కాకూడదు, ఓనరుది కావాలి. జీతం ఇచ్చే టైములోనే నేర్చుకోనివ్వాలి. నేను ఒక్కో ఓనరు దగ్గరికీ వెళ్లి మాట్లాడుతున్నది దీనికోసమే. చాలామంది ఒప్పుకుంటున్నారు. ఇంకో మాట కూడా అడుగుతున్నారు, "మావాడికి ఎన్ని మార్కులొచ్చాయో నాకు కనిపిస్తుందా?" అని. ఇక్కడ నేను గట్టిగా నిలబడ్డా. పాఠం పూర్తయిందా లేదా అన్నదే ఓనరుకి కనిపించాలి, ఎన్నిసార్లు తప్పు చేశాడన్నది కనిపించకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, మనిషి వివరాలు ఏ పనికోసం తీసుకుంటే ఆ పనికే వాడాలంటుంది. కానీ చట్టం లేకపోయినా నేను ఇదే అనేవాణ్ణి. మార్కులు ఓనరు చూస్తాడని తెలిస్తే ఎవడూ తప్పు చేయడు, ఎందుకంటే ఎవడూ ప్రయత్నించడు. మా సారు కొంచెం ఆలోచించి సరేనన్నారు. ఆ రోజు ఎంత తేలిగ్గా అనిపించిందో.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుందంటావు. అమెరికాలో కిర్క్‌పాట్రిక్ అనే ప్రొఫెసర్ 1959లోనే శిక్షణని నాలుగు మెట్లుగా చూడమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. మనవాళ్లు సాధారణంగా మొదటి మెట్టు దగ్గరే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించుకుని ఆగిపోతారు. నేను మాత్రం ఫోన్ రిజిస్టరే చూస్తా. క్రెడిట్ నోట్ పాఠం పెట్టాక క్రెడిట్ నోట్ మీద ఫోన్లు తగ్గాయా? తగ్గకపోతే ఆ పాఠం బాగాలేదని అర్థం, మళ్లీ తీస్తాం.

ఇప్పుడు నీతో పని. స్పోకెన్ ట్యుటోరియల్ వాళ్లు స్క్రిప్టు రాశాక, ఆ సాఫ్ట్‌వేర్ తెలియని మనిషికి ఇచ్చి ఒకసారి చేయించి చూస్తారు. నాకు అలాంటి మనిషి కావాలి. మా ఆఫీసులో అందరికీ అంతా తెలుసు, కాబట్టి ఎవరికీ ఏ వాక్యం అడ్డు తగలదు. మా చెల్లెమ్మ ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తోందిగా, వ్యాపారం బాగా తెలుసు, మా సాఫ్ట్‌వేర్ మొహం కూడా చూడలేదు. ఇంతకన్నా సరైన మనిషి నాకు దొరకదు. మొదటి విడత స్క్రిప్టులు వాట్సాప్‌లో పంపుతా, ఉత్తుత్తి కంపెనీ లాగిన్ కూడా ఇస్తా. చదువుతూ చేయమను. ఎక్కడ ఆగిపోతే ఆ వాక్యం కింద గీత గీయమను, దిద్దొద్దు, గీత చాలు. నువ్వు మాత్రం పక్కన కూర్చుని సాయం చేయకు, నువ్వు చెప్పేస్తే నాకు తెలియాల్సింది తెలియదు. నీకు వేరే పని ఉంది: స్క్రిప్టులు పైకి చదివి, ఎక్కడ వాక్యం పొడుగైందో, ఎక్కడ పుస్తకం భాష దొర్లిందో చూడు. రెండూ మార్చి మొదటి వారంలోగా నాకు చేరితే చాలు, ఆ తర్వాత రికార్డింగ్ మొదలవుతుంది.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ బావ