ఏడాకుల పాలను తిట్టి ఏం లాభం?

అయ్యా,

పది రోజుల కిందట మీ సిటీ పేజీలో దెయ్యం చెట్లను నరికేయాలంటూ వచ్చిన వార్త చదివి ఊరుకున్నాను. నిన్న మా వీధిలో జరిగింది చూశాక రాయక తప్పడం లేదు.

దెయ్యం చెట్టట! ఏడాకుల పాల అని దానికి శుభ్రమైన తెలుగు పేరుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. కణుపు చుట్టూ ఏడాకులు (నేను లెక్కపెట్టాను, ఐదూ ఆరూ ఉన్నవీ ఉన్నాయి). ఆయుర్వేదంలో సప్తపర్ణి అంటారు. దాని బెరడును విషమజ్వరాలకు (అంటే మలేరియా లాంటి, విడిచి విడిచి వచ్చే జ్వరాలకు), చర్మరోగాలకు, విరేచనాలకు వాడేవారు. మహాతిక్తక ఘృతం అనే మందు నెయ్యిలోనూ పడుతుంది.

పూల వాసన ఘాటే, కాదనను. సంస్కృత కవులు ఏనుగు మదజలంతో పోల్చారంటే ఆలోచించండి. మా ఆవిడకు ఆయాసం. అక్టోబరులో పొద్దు వాలితే కిటికీలన్నీ మూసేస్తాం. అయితే అది చెట్టు తప్పా? 2014లో హుద్‌హుద్ తుఫాను ఊరిని బోడి చేశాక, త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు అని దీన్నే తెచ్చి వీధి పొడుగునా నాటారు. అడవిలో ఒకటీ అరా ఉండాల్సింది బాల్కనీల కింద బారులు తీరింది. వేప, కానుగ, పొగడ అప్పుడు ఏ మహానుభావుడికీ గుర్తుకు రాలేదు కాబోలు.

కొమ్మలు కొట్టించమని పోయిన ఏడాది సెప్టెంబరులో అర్జీ ఇచ్చాం. మా సెక్షన్ కాదంటే మా సెక్షన్ కాదని తిప్పారు. వచ్చింది డిసెంబరులో, పూలన్నీ రాలాక! కొట్టిన కొమ్మలు వారం రోజులు ట్రాన్స్‌ఫార్మర్ కిందే పడున్నాయి. ఇక మొదలు చుట్టూ సిమెంటు, కాండానికి ట్యూషన్ బోర్డుల మేకులు. వీటిని అడిగే నాథుడే లేడు.

నిన్నటి సంగతి. మీ వార్తలో బెరడు జ్వరానికి మందన్న ఒక్క ముక్క పట్టుకుని ఒకాయన కత్తితో చెట్టు చెక్కుతున్నాడు, కొడుక్కి కషాయం కాస్తాడట. రక్తపరీక్ష చేయించావా నాయనా అంటే నన్ను ఎగాదిగా చూశాడు. మోతాదెంతో, ఎవరికి పడదో వైద్యుడు చెప్పాలి గానీ పేపరా? పైగా బస్సుల పొగ తాగిన బెరడు. చుట్టూ చెక్కేస్తే చెట్టు ఎలాగూ చస్తుంది, నరకమన్నవాళ్ళకు ఖర్చు మిగులుతుంది.

ఇళ్ళకు ఆనుకున్న చెట్ల పక్కన ఇప్పుడే వేపో కానుగో నాటి, అవి ఎదిగాక వీటిని తీయండి. మిగతావాటికి పూతకు ముందే కొమ్మలు కొట్టించండి.

అన్నట్టు, మీరు వేసిన ఫొటోలోది ఏడాకుల పాల కాదు, బాదం చెట్టు.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం