చుక్కి ప్రాణం నిలబెట్టినోళ్లకు

పానగల్లు తొవ్వల ఉండేటోళ్లకు, మా గల్లీ వాళ్లకు, టౌన్ల సర్కారు పశువుల దవాఖానల పనిచేసేటోళ్లకు అందరికి నమస్తె. పోయిన నెల సంక్రాంతి ముంగట మా ఇంట్ల జరిగిన సంగతి ఇది. దుకాణం కాడ, నల్ల కాడ, ఎక్కడ కనపడ్డా "అక్కా, కుక్కపిల్ల బతికిందా?" అని అడుగుతున్నరు. బతికింది. నేను ఇది రాస్తుంటె నా కుట్టుమిషన్ కింద గుడ్డపేలికలు గుంజుకుంట ఆడుకుంటున్నది. ఎవరెవరి చెయ్యి పడితె అది బతికిందో చెప్పుకోకపోతె నాకు నిద్ర పట్టదు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నరు, అందుకె పేర్లు లేకుంటనే చెప్త.

మా ఇంటెనుక సందుల ఒక ఊరకుక్క మూడు పిల్లలను పెట్టింది. ఆ పిల్లలకు మూడు వారాలు గూడ నిండలె, తల్లిని రోడ్డు మీద ఏదో బండి గుద్దిపోయింది. నా కొడుకు ఏడో తరగతి. బడి నుంచి వచ్చుకుంట చూసి, పిల్లలను అట్టడబ్బల ఏసుకొని ఇంట్లకు తెచ్చిండు. ఒకదాన్ని తిప్పర్తి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ తీసుకపోయింది. మిగిలినయి రెండు. గోధుమరంగుది ఎర్రోడు. నల్లగ ఉండి నొసట తెల్ల చుక్క ఉన్నది చుక్కి.

ఇద్దరు పిల్లలను పెంచినదాన్ని, కుక్కపిల్లకు పాలు తాపుడు నాకు రాదా అనుకున్న. బర్రెపాలల్ల నీళ్లు కలిపి, పాలసీసల పోసి, ఒళ్ల ఎల్లకిల పండవెట్టుకొని తాపిన. సీస పాలపీకకు రంధ్రం సన్నగ ఉన్నదని సూది కాల్చి పెద్దగ చేసిన. తాగేటప్పుడు చుక్కి ముక్కుల నుంచి అప్పుడప్పుడు పాలు బయటికొచ్చేటియి. కొంగుతోని తుడిచేదాన్ని. అంతే.

భోగికి రెండు రోజుల ముందు పొద్దుగూకినంక సకినాలు కాలుస్తున్న. ఇంటినిండ నూనె పొగ. ఉన్నట్టుండి ఎర్రోడు మెడ ముందుకు సాపి, ముందటి కాళ్లు ఎడంగ పెట్టి, కండ్లు పెద్దగ చేసి, ముక్కుతోని గాలిని లోపలికి గుంజుకుంట "గుర్ర్, గుర్ర్" అని ఒకటే చప్పుడు. ప్రాణం పోతున్నదనుకున్న. పొయ్యి బందువెట్టి ఉరికిన. అర నిమిషం గాకముందే ఆగిపోయింది. ఎర్రోడు తోక ఊపుకుంట వచ్చి నా కాలు నాకిండు. గంట సేపటికి మళ్ల అదే చప్పుడు.

గల్లీల అందరు జమయిన్రు. ఒకాయన "గొంతుల బొక్క ఇరికింది, వేలు పెట్టి తియ్యి" అన్నడు. ఒకామె నూనె పొయ్యమన్నది. నేను కొడుకుకు పైసలిచ్చి, పిల్లలకు తాపే దగ్గు మందు పట్టుకరమ్మని మెడికల్ షాపుకు తోలిన.

మొదటి దండం ఆ మెడికల్ షాపు తమ్మికి. అమ్ముకుంటె ఆయనకు లాభమే. కాని సీసా చేతికిచ్చే ముందు "ఎవరికిరా, ఎంత వయసు?" అని అడిగిండు. కుక్కపిల్లకని మావోడు చెప్పంగనే సీసా మళ్ల అరల పెట్టేసిండు. "మనుషుల మందు నేనియ్య. మీ అమ్మను ఆ చప్పుడు ఫోన్ల వీడియో తియ్యమను. పొద్దుగాల డాక్టర్‌కు చూపియ్యిండ్రి" అని చెప్పి పంపిండు. ఆ రాత్రి నాకు కోపమొచ్చింది. తెల్లారి దవాఖానల విన్నంక తెలిసింది: జ్వరం బిళ్లలల్ల, దగ్గు మందులల్ల ఉండే పారాసిటమాల్ కుక్కల కాలేయాన్ని, నెత్తురును చెడగొడ్తదట. కొన్ని సిరప్‌లల్ల తీపికి జైలిటాల్ అనేది కలుపుతరట, అది కుక్క ఒంట్ల చక్కెరను ఒక్కసారిగ దించేస్తదట. రెండు దోసిళ్లంత గూడ లేని పిల్ల. ఆ తమ్మి ఆ సీసా ఇచ్చి ఉంటె ఏమయ్యేదో తలుచుకుంటె ఇప్పటికీ చేతులు వణుకుతయి.

తెల్లారి ఆటో అన్న వచ్చిండు. పండుగ గిరాకి ఇడిచిపెట్టి దవాఖాన దాక తీసుకపోయిండు, తిరిగొచ్చేదాక గేటు కాడనే కూసున్నడు, రూపాయి ముట్టలె. నేను పోయింది ఎర్రోని కోసమే. చుక్కిని ఇంట్ల ఒక్కదాన్నే ఇడిసిపెట్టబుద్ధిగాక అదే డబ్బల పక్కన పండవెట్టిన. ఆ ఒక్క ముచ్చటే మా అదృష్టం.

డాక్టరమ్మ ముందు చప్పుడు సంగతి అడగలె. తల్లి ఎట్ల చచ్చిపోయింది, దాన్ని గాని పిల్లలను గాని ఏ కుక్కన్న కరిచిందా, నోట్లకెల్లి సొల్లు కారుతున్నదా, మీలో ఎవరన్న నోట్ల వేలు పెట్టిన్రా అని అడిగిన్రు. ఎందుకో అప్పుడు సమజు కాలె. తర్వాత చెప్పిన్రు. కుక్కకు గొంతుల ఏదో ఇరికినట్టు కనపడితె, సొల్లు మింగలేకపోతె, అరుపు మారితె అది పిచ్చిరోగం గూడ కావచ్చు. బొక్క ఇరికిందనుకొని నోట్ల చెయ్యి పెట్టి ప్రాణం మీదికి తెచ్చుకునేటోళ్లు ఉంటరు. టీకా పడని కుక్క నోట్ల ఎప్పుడు గూడ వట్టి చెయ్యి పెట్టొద్దు. పన్ను గీరినా, పుండు మీద సొల్లు పడినా పదిహేను నిమిషాలు సబ్బుతోని పారే నీళ్ల కింద కడిగి, ఆ దినమే దవాఖానకు పోయి రేబిస్ టీకా ఏయించుకోవాలె. మా గల్లీల వేలు పెట్టమన్న ఆయన మంచికే చెప్పిండు, కాని ఈ సంగతి అందరికీ తెలవాలనే ఇక్కడ రాస్తున్న.

అప్పటికి ఎర్రోడు బల్ల మీద గంతులేస్తున్నడు. చప్పుడు లేదు, ఏమీ లేదు. నేను చిన్నబోయిన. ఫోన్ల వీడియో చూపిస్తె మేడం రెండుసార్లు చూసి "ఇది ఉల్టా తుమ్ము" అన్నరు. మామూలు తుమ్ముల గాలి బయటికి కొడ్తది, దీంట్ల గాలి లోపలికి గుంజుకుంటది. ముక్కు ఎనుక, గొంతు పైన పొగనో దుమ్మునో తగిలితె అట్ల చేస్తదట. చూసేటోళ్లకే గుండె ఆగుతది గాని దానికేం కాదు. కొన్ని సెకండ్లల్ల, ఎక్కువల ఎక్కువ నిమిషంల ఆగుతది, ఆగినంక కుక్క ఎప్పటిలెక్కనే ఉంటది. గొంతు మీద నెమ్మదిగ నిమిరితె తొందరగ ఆగుతది. రోజుకు చానసార్లు వస్తున్నా, ముక్కుల నుంచి నెత్తురో చీమో కారినా అప్పుడు తీసుకరండ్రి అన్నరు.

నేను దండం పెట్టి డబ్బ ఎత్తుకోబోయిన. మేడం "ఆగండమ్మా, ఆ చిన్నది ఎందుకట్ల పండుకున్నది?" అన్నరు.

"అది నెమ్మదిదండి మేడం, సప్పుడు చెయ్యది" అన్న. ఆ మాట అన్నందుకు ఎన్నిసార్లు ఏడ్చిన్నో నాకే తెలుసు.

మేడం చుక్కిని ఎత్తి చెవు దగ్గర పెట్టుకున్నరు. తర్వాత నన్ను గూడ వినమన్నరు. గొంతు లోపల, ఎదల, బుడబుడమని తడి చప్పుడు. అన్నంకుండ మూత కింద నీళ్లు మసిలినట్టు, అంత సన్నగ. దినాం ఒళ్ల పెట్టుకొని పాలు తాపేదాన్ని, అది నాకు ఇనపడలె. ఊపిరికి ఊపిరికి కడుపు లోపలికి పోతున్నది, ముక్కురంధ్రాలు పెద్దగ అయితున్నయి. గడియారం చూసి అర నిమిషం లెక్కవెడితె ముప్పై ఆరు. అంటె నిమిషానికి 72. పండుకున్న కుక్కపిల్ల నిమిషానికి 30, 35 దాటొద్దట. పై పెదవి లేపి చూపిచ్చిన్రు: ఎర్రోని చిగుళ్లు గులాబీ రంగుల ఉన్నయి, చుక్కివి పాలిపోయి నీలం తిరుగుతున్నయి.

"పాలెట్ల తాపుతున్నరు?" అంటె ఒళ్ల పండవెట్టుకొని చూపిచ్చిన. మేడం కోపం చెయ్యలె. ఒక తువ్వాలను చుట్టి బల్ల మీద బోర్ల పెట్టి "తల్లి కాడ పిల్లలు ఎట్ల తాగుతయో యాది చేసుకోండ్రి. బోర్ల పడి, ముందటి కాళ్లతోని తల్లి పొట్టను నూక్కుంట తాగుతయి. ఎల్లకిల పడి తాగంగ ఎన్నడన్న చూసిన్రా?" అన్నరు. ఎల్లకిల పండవెట్టి తాపితె, పీక రంధ్రం పెద్దగుంటె పాలు గొంతు దాటి ఊపిరితిత్తులల్లకు పోతయి. అది నిమోనియా అయితది. ముక్కుల నుంచి పాలు రావుడే మొదటి హెచ్చరిక, దాన్నే నేను కొంగుతోని తుడిచేసిన. నోట్ల అంగుట్ల చీలిక ఉన్న పిల్లలకు గూడ అట్ల వస్తదని మేడం టార్చి ఏసి అంగుడి గూడ చూసిన్రు. చీలిక లేదు.

రెండో దండం ఆ డాక్టరమ్మకు. నేను తెచ్చిన కుక్కను చూసి పంపితె ఆమె పని అయిపోయినట్టే. అడగని కుక్కను చూసిన్రు.

ఆ దినమే సూదులు మొదలువెట్టిన్రు. సీస బందు. మూడు రోజులు కాంపౌండర్ సారే సన్న గొట్టంతోని పాలు పోసిన్రు. అది ఇంట్ల చేసుకునే పని కాదని, గొట్టం దారి తప్పితె నేరుగ ఊపిరితిత్తులల్లకే పోస్తమని గట్టిగ చెప్పిన్రు. భోగి నాడు, సంక్రాంతి నాడు గూడ ఆయన ఇంటికాడ పండుగ ఇడిచి వచ్చి సూది ఏసిన్రు. వాళ్లింట్ల పిల్లలు ఎదురుచూస్తుంటరని తెలిసీ నేను పోయి నిలబడ్డ. ఆ రెండు పూటల రుణం నేను తీర్చలేను.

పక్కింటి వదిన, వాళ్ల బాబు ఆయాసానికి వాడే నెబులైజర్ మిషన్ ఇచ్చింది. మేడం చెప్పినట్టు ఉట్టి సెలైన్ నీళ్లే పోసి, డబ్బ మీద పల్చటి గుడ్డ కప్పి, గాలాడే జాగ ఇడిచి, పూటకు పది నిమిషాలు ఆవిరి పట్టిన. తర్వాత అరచెయ్యి దొప్పలెక్క చేసి రెండు పక్కలా ఎద మీద మెల్లగ తట్టాలె, లోపల ఉన్న తెమడ కదులుతది. డబ్బకు ఒక మూలన బల్బు ఏలాడదీసిన, రెండో మూల చల్లగ ఇడిచిన, వేడి ఎక్కువైతె జరుగుతదని. ఊపిరి తగ్గకపోతె హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించాలని మేడం చీటి గూడ రాసి పెట్టిన్రు. ఆ చీటి వాడే అక్కర రాలె. మావోడు లెక్కల నోటుబుక్కు ఎనుక పేజీల పూటకోసారి లెక్క రాసిండు: 72, 68, 70, 54. అయిదో దినం 38. ఆ దినం చుక్కి తనంతల తాను పళ్లెంల నోరు పెట్టి పల్చటి జావ నాకింది. నాలుగు వారాలు దాటి, పాలపండ్లు వస్తున్న పిల్లకు సీసె ఎందుకమ్మా, పళ్లెంల పొయ్యిండ్రి అని మేడం మొదటి రోజే అన్నరు.

మందులు మూడు వారాలు నడిచినయి. పోయిన ప్రతిసారి నేను ఏదో చప్పుడు చెప్పుడు, మేడం ఓపికగ ఇనుడు. పాలు గబగబ తాగినంక వెక్కిళ్లు వస్తె భయం లేదట. నిద్రల కుయ్యికుయ్యి మనుకుంట కాళ్లు కొట్టుకుంటె కల కంటున్నట్టే. బాతు అరిచినట్టు గట్టిగ దగ్గి, చివరికి తెల్ల నురుగు కక్కితె అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే దగ్గు. పెద్ద కుక్కలకు తానే పోవచ్చు గాని చిన్న పిల్లలకు నిమోనియాల దిగొచ్చు, మిగతా పిల్లల నుంచి ఏరు పెట్టి తీసుకరావాలె. దగ్గుతోని పాటు కండ్లల్ల, ముక్కుల చీము, జ్వరం ఉంటె డిస్టెంపర్ అనే కుక్కల అంటురోగం కావచ్చు, దానికి ఒక్క దినం గూడ ఆగొద్దు. నట్టలు, అదే ఏలిక పాములు ఉంటె గూడ చిన్న పిల్లలు దగ్గుతయట, వాటి పిల్లపురుగులు ఊపిరితిత్తుల మీదికెల్లి పోతయట. నాకు అది కొత్త సంగతి.

ఇన్ని చప్పుళ్లు గుర్తుపెట్టుకోలేనంటె మేడం ఒక్క మాట చెప్పిన్రు: "చప్పుడు ఆగినంక పిల్లను చూడండ్రి." ఆగినంక ఆడుతున్నదా, తాగుతున్నదా, చిగుళ్లు గులాబీగ ఉన్నయా? అయితె వీడియో తీసి, పొద్దుగాల తీసుకరావచ్చు. చిగుళ్లు తెల్లగనో నీలంగనో అయితె, నోరు తెరిచి కడుపుతోని ఊపిరి తీస్తుంటె, నిద్రల గూడ ఊపిరి నలభై దాటుతుంటె, ముక్కుల నుంచి పాలు వస్తుంటె, చెయ్యి పెడితె ఒళ్లు చల్లగుంటె, రెండు పూటలు పాలు ముట్టకపోతె రాత్రి అనకుండ, పండుగ అనకుండ బయలెల్లాలె. అంత చిన్న పిల్ల ఒంట్ల దాచిపెట్టుకున్న బలం ఏముండదు.

ఇప్పుడు రెండింటికి నట్టల మందు పడ్డది, మొదటి టీకా పడ్డది. నాలుగు నెలలు నిండేదాక మూడు నాలుగు వారాలకోసారి ఏయించాలె, మూడు నెలలు నిండినంక రేబిస్ టీకా. తేదీలన్నీ క్యాలెండర్ల గీసుకున్న. వదిన మిషన్ కడిగి, కొత్త మాస్క్ కొని తిరిగిచ్చిన. ఆటో అన్నకు పైసలిస్తె తీసుకోలె, వాళ్ల పాపకు లంగా జాకెట్టు కుట్టి పంపిన.

నిన్న రాత్రి పప్పుల పోపు పెట్టంగ ఎర్రోడు మళ్ల ఉల్టా తుమ్ము మొదలువెట్టిండు. మావోడు ఉరకలె. పక్కన కూసొని గొంతు నిమిరిండు, ఆగింది. తర్వాత నేను చెప్పకముందే డబ్బ కాడికి పోయి, పండుకున్న చుక్కి పక్కటెముకల మీద చూపు పెట్టి, గడియారం చూసుకుంట పెదవులు కదుపుకుంట లెక్కవెట్టిండు.

"ఇరవై ఆరు అమ్మా" అన్నడు.