నాన్నకు, స్కాన్‌కి ముందు

నాన్నా,

నడుముకి ఎమ్మారై తీయించమని డాక్టరు రాశారని అమ్మ చెప్పింది. మీకు నొప్పి కన్నా, ఆ మిషను లోపల ఏం జరుగుతుందో ఎవరూ సరిగా చెప్పడం లేదన్నదే పెద్ద చికాకుగా ఉందట. ఫోనులో సగం సగం చెప్పడం ఇష్టంలేక రాస్తున్నాను.

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోయి అవతల బొమ్మ కడతాయి. ఎమ్మారైలో ఆ కిరణాలే ఉండవు. అక్కడ బొమ్మ కట్టే సంకేతం మీ ఒంట్లో నుంచే వస్తుంది. మీలోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు దాన్ని పంపుతాయి.

హైడ్రోజన్ కేంద్రకమంటే ఒకే ఒక్క ప్రోటాన్. దానికి స్పిన్ అనే గుణం ఉంది కాబట్టి అతి చిన్న అయస్కాంతంలా ఉంటుంది. మామూలు కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలకు స్పిన్ సున్నా. అందుకే ఒంటి బరువులో ఎక్కువ భాగం ఆక్సిజన్‌దే అయినా ఈ మిషనుకి అది కనిపించదు.

1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) మిషనులోని అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రం కన్నా దాదాపు 30,000 రెట్లు బలమైనది. అందులో ప్రోటాన్లు, వాలిన బొంగరం తల తిప్పినట్టు, సెకనుకి దాదాపు 6.4 కోట్ల సార్లు తిరుగుతాయి. క్షేత్రం వైపు మొగ్గేవీ ఎదురు మొగ్గేవీ ఇంచుమించు సమానమే. 10 లక్షల్లో ఏ 5 మాత్రమే తేడా! ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తీరని సంగతి ఇదే నాన్నా. మిగతావి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఆ కాస్త మిగులే బొమ్మకి ఆధారం. ఒక్క నీటిచుక్కలోనే కోటి కోట్ల కోట్లకు పైగా ప్రోటాన్లు ఉంటాయి కాబట్టి అదీ చాలుతోంది.

ప్రోటాన్లు తిరిగే వేగానికి సరిగ్గా సరిపోయే రేడియో తరంగాన్ని క్షణంపాటు పంపితే అవి పక్కకి ఒరుగుతాయి. తరంగం ఆపగానే అన్నీ కలిసి తిరుగుతూ దగ్గరున్న కాయిల్లో, అంటే తీగచుట్టలో, సన్నటి విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. అది ఎంతసేపట్లో తగ్గిపోతుందన్నది ఆ నీరు ఎక్కడుందన్నదాన్ని బట్టి మారుతుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో చాలాసేపు నిలుస్తుంది, అందుకే టీ2 అనే రకం బొమ్మలో అది తెల్లగా మెరుస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లో నీరు నిండుగా ఉంటే దాని మధ్యభాగం కూడా తెల్లగానే ఉంటుంది. ఎండిపోయిన డిస్క్ నల్లబడుతుంది. మీ డాక్టరు ముందుగా వెతికేది ఈ తేడానే.

కేంద్రకాల ఈ స్పందనను ద్రవాల్లో, ఘనపదార్థాల్లో 1946లో బ్లాక్, పర్సెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా పట్టుకున్నారు. కానీ సంకేతం ఒంట్లో ఏ చోటు నుంచి వచ్చిందో తెలియాలి కదా. క్షేత్రాన్ని ఒక పక్క కాస్త ఎక్కువగా, ఇంకో పక్క కాస్త తక్కువగా ఉంచితే ప్రోటాన్ల వేగం చోటుని బట్టి మారుతుంది, ఆ వేగమే చిరునామా అవుతుంది. 1973లో లాటర్‌బర్ ఇలా బొమ్మ గీసి చూపించారు. నేనుంటున్న ఈ నాటింగ్‌హామ్‌లో మాన్స్‌ఫీల్డ్ దాన్ని వేగంగా తీసే దారి చూపారు. 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. స్కానింగ్‌లో మీకు వినిపించే దడదడ చప్పుడు, క్షేత్రంలో ఆ ఎక్కువతక్కువలు తెచ్చే కాయిళ్లలో కరెంటు చకచకా మారడం వల్ల వచ్చేదే. కంగారు పడకండి, చెవులకి పెట్టుకోమని ఇచ్చినవి మాత్రం తీసేయకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. వాచీ, తాళాలు, బెల్టు బయటే వదిలేయండి. ఒంట్లో ఏ ఆపరేషన్‌లోనైనా వేసిన లోహం ఉంటే చిన్నదే కదా అనుకోకుండా ముందే చెప్పండి. లోపల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, పడుకునేటప్పుడే నడుముకి హాయిగా ఉండేలా సర్దమని అడగండి.

ఫిల్ములు రాగానే టీ2 బొమ్మలు ఫోటో తీసి పంపండి, ఫోనులో కలిసి చూద్దాం.

మీ
అమ్మాయి